తల్లియు గురువునైన మాంటిస్సోరి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున ఎవరైన ఒక మహనీయురాలిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను కళాశాల గడప తొక్కినవాడను కాను. గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. తీరిక దొరికినప్పుడు భారత భాగవతములు ముందు పెట్టుకొని కూర్చుండుట నా వ్యసనము. ఈ రెండును తప్ప నాకు వేరు పాండిత్యము లేదు. కావున నా మాటలలో కొంత లెక్కయు కొంత పురాణమును కలసియుండును. సభవారు ఓపికతో ఆలకింతురు గాక!

తల్లియు గురువును ఒక్కరేయైన స్త్రీమూర్తి యెవరని అడిగినచో నాకు మొదట మదాలస జ్ఞప్తికి వచ్చును. మారన తెనిగించిన మార్కండేయ పురాణమున ఆమె కథ కలదు. ఉయ్యెలలోని బిడ్డకు జోలపాటతోనే తత్త్వము నేర్పిన తల్లి ఆమె. మొదటి ముగ్గురు కొడుకులను విరాగులను చేసెను. నాలుగవవాడైన అలర్కునకు రాజధర్మము బోధించెను. మదాలసకు బిడ్డ ఒడిలోనే యుండెను గనుక ఆ బోధకు అడ్డమేమియు లేకపోయెను. ఒడిలో తన బిడ్డ లేకయే లోకములోని బిడ్డలకు గురువైన తల్లి కథ మరియొకటి కలదు. అది పురాణము కాదు. 1870లో మొదలై 1952లో ముగిసిన 81 సంవత్సరముల జీవితము. ఆమె ఇటలీ దేశీయురాలైన మరియా మాంటిస్సోరి.

ఈ పేరు మనకు క్రొత్తది కాదు. పట్టణమునకు పోయినప్పుడు బడుల పలకలమీద చూచుచునే యున్నాము. ఆ పేరు ఒక మనిషిదనియు, ఆ మనిషి కొన్ని సంవత్సరములు మన చెన్నపట్టణమున నివసించెననియు, తన కుమారుని కుమారుడని లోకమంతయు ఎరిగినది అచ్చటనే యనియు తెలిసినవారు మాత్రము తక్కువ.

ఆమె 1870 ఆగస్టు 31వ తేదీన కియారవల్లె అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి ప్రభుత్వోద్యోగి. ఆ కాలమున ఆ దేశమున చదువుకొన్న ఆడపిల్లకు ఉపాధ్యాయిని పని యొక్కటే తగునని పెద్దల అభిప్రాయము. ఈమె మాత్రము ఆ పని నాకు వలదని పట్టుబట్టి, మగపిల్లల నడుమ గణితము చదివి, తండ్రికి ఇష్టము లేకున్నను వైద్యవిద్యలో ప్రవేశించెను. మగ విద్యార్థుల సరసన నిలిచి శవపరీక్ష చేయుట స్త్రీకి తగదని, అందరును వెడలిపోయిన పిమ్మట సాయంకాలమున ఆమె యొక్కతెయే దీపము వెలుగున ఆ పని నేర్చుకొనవలసివచ్చెను. 1896లో ఆమె వైద్యపట్టము పొందెను. ఉపాధ్యాయినిని కానని మొండికెత్తిన ఆ పిల్లయే తుదకు లోకమునకు ఉపాధ్యాయిని యగుట విధి విలాసము.

వైద్యురాలిగా రోము నగరపు పిచ్చాసుపత్రికి పోయినప్పుడు ఆమె అచ్చట మందబుద్ధులని పేరుపడిన పిల్లలను చూచెను. వారిని ఒక ఖాళీ గదిలో ఉంచియుండిరి. భోజనమైన తరువాత ఆ పిల్లలు నేలమీద పడిన రొట్టెముక్కలకై ప్రాకులాడుచుండిరట. కావలిమనిషి వారిని అసహ్యించుకొనెను. మాంటిస్సోరి చుట్టును పరికించి చూచెను. ఆ గదిలో పిల్లల చేతికి అందు వస్తువు మరియొక్కటియు లేదు! వారి ఆకలి రొట్టెకై కాదు, చేతికి పనికై అని ఆమె గ్రహించెను. ఇటార్, సెగ్యాఁ అను ఇరువురు ఫ్రెంచి వైద్యుల గ్రంథములను శ్రద్ధగా చదివి, పట్టుకొని చూచుటకును, పేర్చుటకును, విప్పుటకును వీలైన పరికరములను ఆ పిల్లలకు సమకూర్చెను. కొంతకాలమునకు వారిలో కొందరు మామూలు పిల్లల పరీక్షలలో నెగ్గిరి. అందరును ఆమెను పొగడిరి. ఆమె మాత్రము, వీరే ఇంత నేర్వగలిగినచో ఆరోగ్యవంతులైన పిల్లలను మన బడులు ఎంతగా వెనుకకు పట్టి యుంచుచున్నవో గదా యని చింతించెను.

ఆ రోజులలోనే ఆమె జీవితమున మరియొక సంగతి జరిగెను. తనతో పనిచేయుచున్న మొంతెసానో అను వైద్యుని వలన ఆమెకు 1898లో ఒక కుమారుడు కలిగెను. వారిరువురును పెండ్లాడలేదు. పెండ్లికాని తల్లికి ఆనాటి రోము నగరమున గౌరవమును లేదు, వైద్యవృత్తియు లేదు. బిడ్డకు మేరియో అని పేరు పెట్టి, పల్లెలో ఒక కుటుంబమువారికి పెంపకమునకు ఇచ్చిరి. కొంతకాలమునకు మొంతెసానో మరియొక స్త్రీని వివాహమాడెను. మాంటిస్సోరి అచ్చటి పని మానుకొనెను. అప్పుడప్పుడు పల్లెకు పోయి కుమారుని చూచి వచ్చుచుండెను. వచ్చిపోవు ఆ స్త్రీ యెవరో ఆ పిల్లవానికి ఎవరును చెప్పలేదు.

భారతము చదివినవారికి ఇచ్చట కుంతీదేవి గుర్తునకు రాకమానదు. పసిబిడ్డను పెట్టెలో పెట్టి నదిలో విడిచిన ఆ తల్లి, యుద్ధము ముగిసి కర్ణుడు నేలకొరిగిన పిమ్మట, తర్పణములు విడుచు వేళ గాని అతడు నా కొడుకని ధర్మరాజుతో చెప్పలేకపోయెను. తిక్కన సోమయాజి స్త్రీపర్వము చదివినప్పుడెల్ల నాకు ధర్మరాజు కోపముకంటె కుంతి మౌనమే ఎక్కువ బరువుగా తోచును. లోకము కుంతిని నిందించినది, జాలియు పడినది. మాంటిస్సోరి విషయమునను అంతియే. బిడ్డను దూరము చేసికొనుట తప్పని అనువారు నేటికిని ఉన్నారు. ఆ తప్పులో సంఘమునకు ఎంత వాటా యున్నదో లెక్క తేల్చి, ఆ మీదట ఆమెను నిందింతము.

ఇంక 1907వ సంవత్సరమునకు వత్తము. రోము నగరమున సాన్ లొరెంజో అను కూలివారి పేట కలదు. ఒక గృహనిర్మాణ సంస్థవారు అచ్చటి పాత మేడలను బాగుచేయించి పేదలకు అద్దెకిచ్చిరి. తల్లిదండ్రులు తెల్లవారగనే పనికి పోవుదురు. పిల్లలు మెట్లమీద ఆడుచు, గోడలమీద గీతలు గీయుచు, చేతికందినదెల్ల పాడుచేయుచుండిరి. ఈ పిల్లలను ఒక గదిలో కూర్చుండబెట్టి చూచుకొనువారున్నచో గోడల మరమ్మతు ఖర్చు తగ్గునని యజమానులు లెక్కవేసి మాంటిస్సోరిని పిలిచిరి. అయ్యా! నేను లెక్కల మనిషిని గనుక ఈ మాటవద్ద నాకు నవ్వును వచ్చినది, ఆశ్చర్యమును కలిగినది. లోకమంతట ప్రాకిన ఒక విద్యావిధానము జమాఖర్చులో "గోడల మరమ్మతు" అను పద్దు క్రింద పుట్టినది! 1907 జనవరి 6వ తేదీన సుమారు 50 మంది పిల్లలతో ఆ గది తెరువబడెను. దానికి "బాలగృహము" అను అర్థముగల పేరు పెట్టిరి. పెద్ద చదువులు లేని ఒక యువతి అందు పిల్లలను చూచుకొనునది. మాంటిస్సోరి వచ్చి కూర్చుండి గమనించునది.

ఆమె అచ్చట చేసినది బోధించుటకంటె గమనించుటయే ఎక్కువ. అట్లు గమనించిన సంగతులలో మూడింటిని మాత్రము మనవి చేసెదను.

మొదటిది. మూడేండ్ల పిల్ల యొకతె కొయ్యదిమ్మెలోని రంధ్రములలో చిన్నవి పెద్దవియగు గుండ్రని బిళ్లలను అమర్చుచుండెను. అమర్చును, తీయును, మరల అమర్చును. మాంటిస్సోరి ఆ పిల్ల కూర్చున్న కుర్చీని ఎత్తి బల్లమీద పెట్టించెను. చుట్టును పిల్లలచేత పాటలు పాడించెను. ఆ పిల్ల తల యెత్తలేదు. 40 సార్లకు పైగా అదే పని చేసి, పిమ్మట నిద్ర మేల్కొన్నట్లు నవ్వుచు లేచినదట. చంటిపిల్లలకు మనస్సు నిలువదు అని మనము తరచు అనుకొందుము. నచ్చిన పని దొరికిన చంటిపిల్ల మనస్సు ఎంత నిలుచునో ఆమె కన్నులార చూచెను.

రెండవది. ఒకనాడు ఆమె పిల్లలకు ముక్కు చీదుకొనుట యెట్లో నేర్పెను. చేతిగుడ్డ మడతపెట్టి, చప్పుడు కాకుండ తుడుచుకొనుట చూపించెను. పాఠము ముగియగనే పిల్లలందరును చప్పట్లు కొట్టిరి. ఆమె నివ్వెరపోయెను. ఆలోచింపగా తెలిసినదేమనగా, ముక్కు కారుచున్నదని ఆ పిల్లలను అందరును తిట్టినవారే గాని, ఎట్లు తుడుచుకొనవలెనో మర్యాదగా చూపినవారు అంతవరకు ఒక్కరును లేరు. తల్లులారా! ఈ చిన్న సంగతిని ఇంటికి పోయి మరల తలచుకొనుడు.

మూడవది బీరువా సంగతి. పరికరములను బీరువాలో పెట్టి తాళము వేయుట అచ్చటి అలవాటు. ఒకనాడు ఆ యువతి తాళము వేయుట మరచినది. మరునాడు ఆలస్యముగా వచ్చి చూచుసరికి పిల్లలు తమకు కావలసిన వస్తువులను తామే తీసికొని నిశ్శబ్దముగా పనిలో మునిగియుండిరి. ఆమె దానిని దొంగతనమని తలచి దండింపబోయెను. మాంటిస్సోరి వారించెను. పిల్లలు ఏ వస్తువు ఎచ్చట నుండునో ఎరుగుదురు, తమకేది కావలెనో ఎరుగుదురు అని తెలిసికొని, నాటినుండి ఎత్తైన బీరువా తీసివేయించి, పిల్లల చేతికందు ఎత్తున, తాళము లేని అలమరలు చేయించెను. ఈ మాటను సభవారు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను. చివర దీనితో నాకు పని యున్నది.

అక్షరాభ్యాసమును గూర్చి ఒక్క మాట. మన వీథిబడులలో పూర్వము ఇసుక పరచి, పిల్లవాని వ్రేలు పట్టుకొని ఓనమాలు దిద్దించెడివారు. కంటికంటె ముందు వ్రేలికి అక్షరము తెలియవలెనని మన పంతుళ్ల ఎరుక. ఆ మంచి పద్ధతితోపాటు కోదండము వేయుటయు, బెత్తమును ఉండెననుట మరువరాదు. మాంటిస్సోరి గరుకు కాగితముతో అక్షరములు కత్తిరించి అట్టలపై అంటించి, పిల్లలచేత వ్రేలితో తడవించెను. వ్రేలికి అక్షరము తెలియవలెనను భావము మనదానివంటిదే. బెత్తము మాత్రము అచ్చట లేదు. ఒకనాడు మేడమీద ఎండలో ఐదేండ్ల పిల్లవానికి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టము బొమ్మ గీయుమనగా, అతడు బొమ్మ గీసి, హఠాత్తుగా ప్రక్కనే తమ భాషలో "చేయి" అను మాట వ్రాసెను. నాకు వ్రాయుట వచ్చినదని కేకలు వేసెను. తక్కిన పిల్లలును సుద్దముక్కలకై పరుగెత్తిరి. వ్రాయుమని వారికి ఎవరును చెప్పియుండలేదు. కూలివారి బిడ్డలు అట్లు అక్షరాస్యులగుట చూచుటకు దేశదేశములనుండి జనులు వచ్చిరి. 1909లో ఆమె తన పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించెను.

ఇట్లు ఊరివారి బిడ్డలు ఆమె చుట్టును చేరుచుండగా, ఆమె బిడ్డ పల్లెలోనే పెరుగుచుండెను. 1912 డిసెంబరులో ఆమె తల్లి మరణించెను. మరుసటి సంవత్సరమున మేరియో తల్లివద్దకు వచ్చి చేరెను. అప్పటికి అతనికి పదునైదేండ్లు. చూడవచ్చిన ఆమెతో, నీవు నా తల్లివని నాకు తెలియును, నన్ను తీసికొనిపొమ్ము అని అతడే అడిగెనని చెప్పుదురు. నాటినుండి తుదివరకు అతడు ఆమెను విడువలేదు. ఆమె పనికి అతడే కుడిభుజమయ్యెను. అయినను లోకమునకు అతనిని మేనల్లుడనియు, పెంచుకొన్న కుమారుడనియు చెప్పుచుండిరే గాని, కన్నకొడుకని చెప్పుటకు వీలులేకపోయెను.

ఇటలీలో ముస్సోలినీ మొదట ఆమె పద్ధతిని ఆదరించెను. పిల్లలకు స్వేచ్ఛ నేర్పు బడికిని, సైనికుల కవాతునకును పొసగలేదు. 1934లో ఆమె బడులు అచ్చట మూతపడెను. ఆమె స్పెయినులో నివసించుచుండగా 1936లో అచ్చట అంతర్యుద్ధము వచ్చెను. హాలెండునకు పోయెను. అంతకుముందు 1931లో లండను నగరమున గాంధీమహాత్ముడు ఆమెను కలిసికొనియుండెను. మన దేశమున గుజరాతునందలి భావనగరములో గిజుభాయి బధేకా అను న్యాయవాది ఆమె గ్రంథముచేత ప్రేరితుడై, వకీలు వృత్తి మాని, 1920లో బాలమందిరము స్థాపించెను. పిల్లలయెడ అతనికిగల వాత్సల్యమును చూచి జనులు అతనిని "మీసాల అమ్మ" అని పిలిచిరి. తల్లితనమునకు గర్భవాసమే ప్రమాణము కాదని ఆ పేరు చెప్పుచున్నది. యశోదను ఎరిగిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు.

1939 నవంబరులో దివ్యజ్ఞానసమాజమువారి ఆహ్వానముపై ఆమె మేరియోతో చెన్నపట్టణము చేరెను. అప్పటికి ఆమె వయస్సు 69. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు ఆ రాజధానిలోనివే. అడయారులో మర్రిచెట్ల నీడను, తాటాకు పాకలలో, సుమారు 300 మంది ఉపాధ్యాయులకు ఆమె పాఠములు చెప్పెను. ఆమె ఇటలీ భాషలో చెప్పుచుండగా మేరియో ఇంగ్లీషులోనికి మార్చి చెప్పుచుండెను.

1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగెను. ఇటలీవారు కావున వారిరువురును బ్రిటిషు ప్రభుత్వమునకు శత్రుదేశస్థులైరి. మేరియోను అహమ్మదునగరమునకు తీసికొనిపోయి నిర్బంధించిరి. ముసలితల్లిని అడయారు ఆవరణ దాటి పోరాదనిరి. ఒకప్పుడు సంఘము విడదీసిన తల్లీబిడ్డలను ఈసారి యుద్ధము విడదీసెను. ఆగస్టు 31వ తేదీన ఆమెకు 70 ఏండ్లు నిండెను. ఆ దినమున రాజప్రతినిధినుండి ఆమెకు తంతి వచ్చెను. ఈ జన్మదినమునకు మీకేమి కానుక ఈయదగునని యోచించి, మీ కుమారునే మీకు తిరిగి పంపుచున్నామని దాని సారాంశము. ఇన్నాళ్లును మేనల్లుడనిపించుకొన్నవానిని ఆ తంతి కుమారుడని పేర్కొనెను. అప్పటికి మేరియోకు 42 ఏండ్లు. కుంతికి కర్ణుడు పోయిన పిమ్మట లభించిన మాట, ఈ తల్లికి కొడుకు బ్రతికియుండగనే, మన దేశముననే లభించినది. అందుచేత ఆమె కథలో మనకును ఒక చిన్న పాలు కలదని నేను తలచుచున్నాను.

యుద్ధకాలమంతయు ఆమె మన దేశముననే గడపెను. కొడైకనాలులో కొన్ని సంవత్సరములుండి ఆ కొండమీది పిల్లలనడుమ పనిచేసెను. 1946లో ఐరోపాకు పోయి, మరల వచ్చి, 1949వరకు ఇచ్చటి ఉపాధ్యాయులకు నేర్పెను. శిశువు మనస్సును గూర్చి ఆమె చేసిన ఉపన్యాసములు 1949లో అడయారునందే గ్రంథముగా వెలువడెను. శాంతి బహుమానమునకు మూడుమార్లు ఆమె పేరు సూచింపబడినది గాని బహుమానము రాలేదు. 1952 మే 6వ తేదీన హాలెండులోని నోర్డ్‌వైక్ అను సముద్రతీర గ్రామమున, కుమారుడు దగ్గరనుండగా ఆమె కన్నుమూసెను. ఆ దినమున కూడ ఆఫ్రికాకు పోయి అచ్చటి ఉపాధ్యాయులకు నేర్పు మాటయే మాటలాడుచుండెనట. ఆమె వీలునామాలో మేరియోను "నా కుమారుడు" అనియే వ్రాసెను. లెక్కలు, దస్తావేజులు చూచినవాడను గనుక చెప్పుచున్నాను: వీలునామాలో ఒక్క మాటకు ఎంత బరువుండునో ఎరిగినవారికే ఎరుక.

1990లో ఇటలీ కేంద్ర బ్యాంకు ఆమె బొమ్మతో 1000 లీరాల నోటు అచ్చువేసెను. 2002లో లీరా పోయి యూరో వచ్చువరకు ఆ దేశపు కూరగాయల అంగడిలోను, రొట్టెల అంగడిలోను ఆ ముసలమ్మ ముఖము చేతులు మారుచుండెను. మన విజయవాడలో 1955లో కోటేశ్వరమ్మగారు ఈమె పేర పిల్లల బడి పెట్టగా, అది ఆడపిల్లల కళాశాలవరకు పెరిగెను. ఆ తల్లి 2017లో పద్మశ్రీ బిరుదమందుకొని, 2019లో 94 ఏండ్ల వయస్సున పరమపదించెను.

అయ్యా! మాంటిస్సోరి అను పేరు నేడు ఎవరైనను బడి పలకమీద వ్రాసికొనవచ్చును. ఆ పేరుగల బడులన్నియు ఆమె చెప్పినట్లు నడచుచున్నవనుకొనరాదు. ఆమె పద్ధతి కూలివారి బిడ్డలతో, గోడల మరమ్మతు ఖర్చుతో మొదలైనదని మరచి, అది ధనవంతుల పట్టణములకే తగినదని మనము విడిచిపెట్టరాదు. పిల్లవాని యెడ మర్యాద చూపుటకు ధనమక్కరలేదు.

ఇంక చివరి మాట. మన గ్రంథాలయమున పిల్లల పుస్తకములు పెద్దల ఎత్తునకు సరిపోవు బీరువాలో, తాళము వేసి యున్నవి. పిల్లలు అద్దములోనుండి అట్టలు చూచి పోవుచున్నారు. పుస్తకములు చినుగునను భయము న్యాయమైనదే. ఆస్తి పట్టీ వ్రాయువాడనైన నాకును ఆ భయము కలదు. అయినను ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి నా మనవి యేమనగా: ఐదేండ్ల పిల్ల చేయి అందు ఎత్తున, తలుపును తాళమును లేని ఒక కొయ్య అలమర చేయింపుడు. పిల్లల పుస్తకములన్నియు అందులోనికి మార్పుడు. ఏ పుస్తకము కావలెనో వారినే తీసికొననిండు, చదివిన పిదప వారిచేతనే యథాస్థానమున పెట్టింపుడు. మొదటి యేట కొన్ని పుస్తకములు చినుగును. చినిగినవానికి అయిన ఖర్చును జమాఖర్చులో ఒక ప్రత్యేకమైన పద్దు క్రింద నేనే వ్రాసెదను. ఆ పద్దునకు ఏమి పేరు పెట్టవలెనో సభవారికి వేరుగ చెప్పనక్కరలేదు. అలమరకు కావలసిన కొయ్య ఖర్చులో నా వంతు నేను ఈ సభలోనే కార్యదర్శిగారికి సమర్పించుచున్నాను. మిగిలినది మీ దయ.